బండి ఎడమకి లాగుతోంది, తమ్ముడేమో ఏమీ కాలేదంటున్నాడు

విజయనగరం నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆయనకి నలభై దాటాయి. సొంత వ్యాపారం, ఉమ్మడి కుటుంబం. కాలేజీ రోజుల నుంచి రెండు తలుపుల స్పోర్ట్స్ కారంటే పిచ్చి. మూడేళ్ల కిందట విశాఖలో 2012 మోడల్ ఆడి టీటీ క్వాట్రోని (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి వెళ్లే రకం) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆదివారం పొద్దున్నే భోగాపురం దాకా ఒక రౌండు, వెనక ఉండే ఆ చిన్న సీట్లలో పిల్లలిద్దరూ. "ఆ గంట నాకు వారమంతటికీ సరిపోతుంది" అని రాశారు.

వర్షాల్లో తమ్ముడు స్నేహితుడి పెళ్లికని బండి అడిగి అరకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చి తాళాలు చేతిలో పెడుతూ "బొడ్డవర దాటాక చిన్న గుంతలో పడింది అన్నయ్యా, ఏమీ కాలేదు" అన్నాడు. మర్నాడు ఈయన నడిపి చూస్తే బండి ఎడమకి లాగుతోంది. తిన్నగా వెళ్లాలంటే స్టీరింగ్ కొంచెం కుడికి వాల్చి పట్టుకోవాలి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ముందు ఎడమ వైపు "టక్"మంటోంది. 80 దాటితే స్టీరింగ్ వణుకు. అప్పుడప్పుడు పసుపు రంగు స్టీరింగ్ లైటు వెలిగి ఆరిపోతోంది.

ఊళ్లో అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించారు. ఆ కాగితంలో ముందు చక్రాల టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది) పచ్చరంగులో, అంటే సరిగ్గానే, ఉంది. క్యాంబర్ మాత్రం ఎడమ మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు, కుడి మైనస్ 40 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). "ఈ బండికి క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్, టో సరిచేశాం, తోలుకోండి" అన్నారు. రెండు నెలల్లో ముందు ఎడమ టైరు లోపలి అంచు తీగలు కనిపించేదాకా అరిగిపోయింది.

విశాఖలో ఒక వర్క్‌షాపు ర్యాకు (స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే భాగం), రెండు స్ట్రట్‌లు (షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ ఉండే నిలువు భాగాలు), రెండు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి పట్టుకునేవి) మార్చాలని నాలుగున్నర లక్షల అంచనా ఇచ్చింది. ఊళ్లో మెకానిక్ "ఎడమ లోయర్ ఆర్మ్ ఒక్కటే వంగింది, సాలూరు తీసుకెళ్లి సాగగొట్టించుకుంటే సరిపోద్ది" అంటున్నాడు. భార్య అమ్మేయమంటోంది. కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నారు. మధ్యలో ఉన్న బ్రోకరు "టైర్లు మార్చి, స్టీరింగ్ నిటారుగా పెట్టించి చూపిద్దాం, ఇంకేం చెప్పొద్దు" అంటున్నాడు. తమ్ముడితో మాటలు తగ్గాయి. అమ్మ మాత్రం "ఇనుపముక్క కోసం తోడబుట్టినోణ్ణి నిలదీస్తావేటిరా" అంటోంది. అసలు ఏం విరిగింది, ఎంతదాకా ఖర్చు పెట్టొచ్చు, తమ్ముడు నిజం చెప్పాడా? ఇవీ ఆయన ప్రశ్నలు.

మీకు నా సమాధానం.

అన్నిటికంటే ముందు ఆ బండిని షెడ్డులో పెట్టి తాళం వేయండి. తీగలు తేలిన టైరుతో, ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియని సస్పెన్షన్‌తో హైవే ఎక్కొద్దు. విశాఖ దాకా నెమ్మదిగా తోలుకెళ్లొచ్చా అని కూడా అడిగారు. వద్దు. లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ ఊడినా, ర్యాకుని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ ఊడినా ముందు చక్రం పక్కకి మడిచినట్టు పడిపోతుంది. అది జరగడానికి వంద స్పీడు అక్కర్లేదు, ఒక స్పీడ్ బ్రేకర్ చాలు. పిల్లలని ఎక్కించుకునే బండి అని మీరే రాశారు. అమ్మగారికీ ఈ మాటే చెప్పండి. ఇనుపముక్క గురించి కాదమ్మా, అందులో కూర్చునేవాళ్ల గురించి అనండి. ఆమెకి అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. మీ బండి గురించి ముగ్గురు మూడు మాటలు చెప్పారు. అలైన్‌మెంట్ వాళ్లు బాగుందన్నారు, ఊరి మెకానిక్ ఒక్క ఆర్మ్ అన్నాడు, విశాఖ వాళ్లు ముందు భాగమంతా మార్చాలన్నారు. ముగ్గురిలో ఎవరూ మోసం చేశారని నేననుకోవడం లేదు. కానీ ముగ్గురూ బండిని పూర్తిగా కొలవకుండానే మాట్లాడారు. దెబ్బ తిన్న సస్పెన్షన్ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఇది: కొలవకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకూడదు. విప్పాక పాత కొలత మళ్లీ దొరకదు. దెబ్బ ఎటునుంచి తగిలిందన్న సాక్ష్యం కూడా ఆ బోల్టులతోనే పోతుంది.

మీరు పంపిన రెండు అంకెలే చాలా చెబుతున్నాయి, చూడండి. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత వాలిందన్నది. మైనస్ అంటే లోపలికి. మీ ఎడమ చక్రం కుడిదానికన్నా 1 డిగ్రీ 10 నిమిషాలు ఎక్కువ లోపలికి వాలింది. లోపలి అంచు అరగడానికి ఇది ఒక కారణం. అయితే క్యాంబర్ తేడా ఉన్న బండి, పైభాగం తక్కువ లోపలికి ఉన్న చక్రం వైపు లాగాలి. అంటే మీ బండి కుడికి లాగాలి. అది ఎడమకి లాగుతోంది. కాబట్టి క్యాంబర్‌ని మించిన ఇంకో కారణం ఎడమ వైపు ఉండాలి. అలైన్‌మెంట్ వాళ్లు ఈ మాట పట్టించుకుని ఉంటే మీ టైరు మిగిలేది.

ఆ ఇంకో కారణం ఏమై ఉండొచ్చు? మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమ అంచుకి కొద్దిగా వాలుగా వేస్తారు. ఏ బండైనా చేతులు వదిలితే కాస్త ఎడమకి జరుగుతుంది. కానీ స్టీరింగ్ వాల్చి పట్టుకోవాల్సినంత లాగుడు రోడ్డు వాలు వల్ల రాదు. టైరు లోపల పొర తెగినా లాగుతుంది. ఎడమ బ్రేకు పట్టేసి ఉన్నా లాగుతుంది, అప్పుడు నడిపి దిగాక ఆ రిమ్ మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటుంది. ఈ రెండూ లేకపోతే మిగిలేది క్యాస్టర్. పక్క నుంచి చూసినప్పుడు, స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ రేఖ చుట్టూ మళ్లుతుందో ఆ రేఖ వెనక్కి ఎంత వాలి ఉందో అది క్యాస్టర్. చక్రం వెనక్కి నెట్టుకుపోతే ఆ వాలు తగ్గుతుంది, బండి వాలు తగ్గిన వైపుకి లాగుతుంది. మీ కాగితంలో క్యాస్టర్ అంకె గురించి మీరు ఏమీ రాయలేదు. బహుశా కొలవనే లేదు. దాన్ని కొలవాలంటే స్టీరింగ్‌ని రెండు వైపులా తిప్పి చూడాలి. హడావుడిలో చాలాచోట్ల ఆ పని వదిలేస్తారు.

మెషీను లేకుండా ఇంటి దగ్గరే మీరు చేయగలిగింది ఒకటుంది. చదునైన సిమెంటు నేల కావాలి. తెలిసినవాళ్ల రైసుమిల్లు ఉంటే అక్కడి గచ్చు బాగుంటుంది, బండిని అక్కడికి పికప్ మీదే తీసుకెళ్లండి. చక్రాలు తిన్నగా ఉంచి, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుని ప్రతి చక్రం మధ్య నుంచి కిందికి వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. బండి పక్కకి జరిపి, ఎడమ ముందు గుర్తు నుంచి ఎడమ వెనక గుర్తుకి, కుడి ముందు నుంచి కుడి వెనకకి టేపుతో కొలవండి. ఈ బండికి చక్రాల మధ్య దూరం 2468 మిల్లీమీటర్లు. ఆ అంకె సరిగ్గా వచ్చిందా అన్నదానికన్నా రెండు వైపులా ఒకటే వచ్చిందా అన్నది ముఖ్యం. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా చేతి కొలతలోనే రావచ్చు. ఎడమ వైపు పది దాటి తక్కువగా ఉంటే చక్రం వెనక్కి పోయినట్టే. పనిలో పనిగా గుర్తుల మధ్య ఐమూలగా కూడా కొలిచి రాసుకోండి.

తర్వాత చేత్తో చూసేవి. నమ్మకమైన మెకానిక్ పక్కన ఉండాలి. కింద సరైన చోట రబ్బరు ముక్క వేసి మాత్రమే జాకీ పెట్టనివ్వండి, ఈ బండికి ఎక్కడపడితే అక్కడ జాకీ ఆనించకూడదు. చక్రం గాల్లోకి లేచాక రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆట కనిపిస్తే టై రాడ్ వైపు అనుమానం. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే బాల్ జాయింటో వీల్ బేరింగో. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా మళ్లీ ఊపండి. ఆట పోతే బేరింగ్, అలాగే ఉంటే జాయింట్. ఇక ఆ "టక్" చప్పుడు. రెండు వైపులా స్టెబిలైజర్ లింక్ రాడ్లు (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రాల వైపు కలిపేవి) విప్పేసి, ఖాళీ స్థలంలో నడక వేగంతో ఒక చిన్న దిమ్మ మీదుగా పోనిచ్చి చూడొచ్చు. చప్పుడు పోతే అన్నిటికన్నా చవకైన భాగం మీద పని అయిపోయినట్టే. కానీ ఇది కొలతలన్నీ అయ్యాక చేయించాల్సిన పని.

చప్పుడు పోకపోతే కింద క్రాస్ మెంబర్ బోల్టుల దగ్గర టార్చి వేసి చూడండి. ఇంజను కింద అడ్డంగా ఉండి ఆర్మ్‌లనీ ర్యాకునీ మోసే భాగం అది. ఏళ్ల తరబడి అంటుకున్న మట్టిలో బోల్టు తల పక్కన చంద్రవంకలా సన్నగా మెరిసే కొత్త లోహం కనిపిస్తే, ఆ క్రాస్ మెంబర్ కదిలిందని అర్థం. ఈ కుటుంబం బండ్లలో, అంటే స్కోడా లారా, పాత ఫోక్స్‌వ్యాగన్ జెట్టాలతో కలిపి, క్రాస్ మెంబర్ బోల్టుల దగ్గర చప్పుడు రావడం మెకానిక్‌లకి తెలిసిన విషయమే. ఆ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం. ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. పాతవే బిగిస్తామంటే ఒప్పుకోకండి.

మీకు అన్నిటికన్నా ఉపయోగపడేది పూర్తి నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కాగితం. ఇందులో ఏమేం ఉండాలో ముందే అడిగి తీసుకోండి. వెనక చక్రాల టో, క్యాంబర్, థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు బండిని తోసే దిశ బండి మధ్యగీతకి ఎంత పక్కగా ఉందన్నది) ఉండాలి. వెనక ఎడమ చక్రం కూడా అదే గుంతలో పడి ఉంటుంది కదా. వెనక చక్రాలు పక్కకి చూస్తుంటే ముందు ఎంత సరిచేసినా స్టీరింగ్ వంకరగానే నిలుస్తుంది. ఈ బండికి వెనక టో, క్యాంబర్ రెండూ సరిచేసుకునే వీలుంది. ముందు మాత్రం టో ఒక్కటే. క్యాంబర్‌ని క్రాస్ మెంబర్ పక్కకి జరిపి రెండు వైపులా సమం చేయడం తప్ప దారి లేదు. మీ ఊరి అలైన్‌మెంట్ వాళ్లు అడ్జస్ట్‌మెంట్ లేదన్నది అంతవరకు నిజమే. అడ్జస్ట్‌మెంట్ లేని అంకె తప్పుగా వచ్చిందంటే ఏదో వంగిందనో జరిగిందనో అర్థం. ఆ రెండో సగం వాళ్లు మీకు చెప్పలేదు.

ఇంకా ముఖ్యంగా ఎస్‌ఏఐ అనే కోణం అడగండి. కొన్ని మెషీన్లలో కేపీఐ అని ఉంటుంది. పైన స్ట్రట్ మౌంటింగ్ నుంచి కింద బాల్ జాయింట్ దాకా గీత గీస్తే అది లోపలికి ఎంత వాలిందో ఆ కోణం ఇది. దీనికి క్యాంబర్‌ని, మైనస్‌ని మైనస్‌గానే ఉంచి, కలిపితే ఇంకో అంకె వస్తుంది. ఈ మొత్తాన్ని ఎడమకీ కుడికీ పోల్చాలి. ఎడమ ఎస్‌ఏఐ కుడితో సమానంగా ఉండి మొత్తం మాత్రం తగ్గితే, స్ట్రట్టో, చక్రాన్ని పట్టుకునే నకిల్ అనే భాగమో వంగింది. మొత్తం రెండు వైపులా సమానంగా ఉండి, ఎడమ ఎస్‌ఏఐ పెరిగి, కుడిది అంతే తగ్గితే క్రాస్ మెంబర్ ఎడమకి జరిగింది. అంటే భాగాలు బాగానే ఉన్నాయి, కొత్త బోల్టులతో సరైన చోట కూర్చోబెడితే చాలు. మొత్తం సమానంగా ఉండి ఎడమ ఎస్‌ఏఐ ఒక్కటే పెరిగితే స్ట్రట్ పైభాగాన్ని మోసే టవరు లోపలికి వంగిందేమో చూడాలి. మీకు చేదువార్త అదొక్కటే, దాని గురించి కింద రాస్తాను. లోయర్ ఆర్మ్ లోపలికి వంగితే ఎస్‌ఏఐ తగ్గి క్యాంబర్ బయటికి రావాలి. మీ ఎడమ చక్రం లోపలికి వాలింది. కనుక "ఆర్మ్ ఒక్కటే వంగింది" అన్న మీ మెకానిక్ మాట ఈ కాగితంతో పొసగడం లేదు. ఆర్మ్ వెనక్కి వంగి ఉండొచ్చు, దాని వెనక రబ్బరు బుష్ చిరిగి ఉండొచ్చు, క్యాస్టర్ కథ అక్కడికి సరిపోతుంది. కానీ ఆ ఒక్క భాగంతో కథంతా తేలదు.

స్టీరింగ్ సంగతికి వస్తాను. స్టీరింగ్ చక్రం పైభాగంలో టేపు ముక్క అంటించి, ముందు చక్రాలు గాల్లో ఉండగా ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి ఆపండి. అక్కడ స్టీరింగ్ నిటారుగా ఉంటే ర్యాకూ, స్టీరింగ్ కాలమూ (స్టీరింగ్ నుంచి ర్యాకు దాకా దిగే కడ్డీ) తమ స్థానంలోనే ఉన్నాయి, తప్పు చక్రాల వైపు ఉంది. అక్కడే వంకరగా ఉంటే మునుపెవరో స్టీరింగ్ పీకి బిగించారు, లేదా కాలమ్ లోపలే తేడా ఉంది. అలాగే రెండు టై రాడ్ల మీద బయటికి కనిపించే మరలు లెక్కపెట్టండి. ఒక వైపు నాలుగు, ఇంకో వైపు పన్నెండు కనిపిస్తే, ఎక్కడో వంగినదాన్ని అలైన్‌మెంట్ వాళ్లు టై రాడ్ పొడవుతో కప్పిపుచ్చారు. చివర నుంచి చివరకి తిప్పేటప్పుడు ఒకేచోట బిగుసుకుంటుంటే ర్యాకు రాడ్ వంగిందన్న అనుమానం పెరుగుతుంది.

నాలుగున్నర లక్షల్లో పెద్ద వాటా ఆ ర్యాకుదే అయి ఉంటుంది. కాబట్టి దాన్ని అంత తొందరగా ఒప్పుకోకండి. ఈ బండిది కరెంటు స్టీరింగ్. మోటారూ దాని కంట్రోల్ యూనిట్టూ ర్యాకు మీదే ఉంటాయి. పసుపు లైటు వెలిగినంత మాత్రాన ర్యాకు పోయినట్టు కాదు. బ్యాటరీ దిగినా వెలుగుతుంది. స్టీరింగ్ తిప్పిన కోణానికీ బండి వెళ్లే దిశకీ పొంతన కుదరకపోయినా వెలగొచ్చు, మీ బండి వంకర స్టీరింగ్‌తో తిరుగుతోంది కదా. స్కానర్ పెట్టి కోడ్‌లు చదివించి, చెరిపే ముందు ఫొటో తీసుకోండి. రెండు చివరలా ఉండే రబ్బరు తొడుగులు చిరిగాయేమో కూడా చూడండి. మన వానల్లో చిరిగిన తొడుగుతో తిప్పితే నీళ్లు లోపలికి పోయి బాగున్న ర్యాకు కూడా పాడవుతుంది. పసుపు కాకుండా ఎరుపు లైటు వెలిగితే మాత్రం ఇక ఆలోచించేదేమీ లేదు, అక్కడికక్కడే ఆపేయాలి.

సాలూరులో సాగగొట్టించే మాట. లారీల విషయంలో సాలూరు మేస్త్రీల పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఉక్కు యాక్సిల్‌ని కంటితో చూసి తిన్నగా చేయగల మనుషులున్న ఊరది. కానీ మీ బండి లోహం వేరు. ఈ టీటీ బాడీ బరువులో 69 శాతం అల్యూమినియం, 31 శాతం ఉక్కు. ముందు భాగమంతా అల్యూమినియమే, ఉక్కు వెనక వైపు ఉంటుంది. వంగిన అల్యూమినియం ఆర్మ్‌నో నకిల్‌నో వేడి చేసి, కొట్టి తిన్నగా చేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. లోపల సన్నని పగులు మిగలొచ్చు, వేడికి బలమూ తగ్గుతుంది. అది ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. సస్పెన్షన్ భాగం వంగిందని తేలితే మార్చడమే, ఇందులో నాకు రెండో మాట లేదు. టవరు వంగిందని తేలితే కథ ఇంకా పెద్దది. ఆ బాడీని రివెట్లతో, జిగురుతో కూడా అతికిస్తారు. మామూలు డెంటింగ్ షెడ్డులో గొలుసు వేసి లాగే పని కాదు. అల్యూమినియానికి వేరే పనిముట్లు, వేరే స్థలం పెట్టుకున్న చోటికే వెళ్లాలి. బానెట్ ఎత్తి రెండు టవర్ల చుట్టూ సీలెంట్ పగిలిందా, పెయింటు పొట్టు లేచిందా చూడండి. టవరు నట్టు నుంచి ఎదుటి వైపు స్థిరమైన ఒక బోల్టుకి ఐమూలగా రెండు కొలతలు తీస్తే తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కొలతల్లో స్ట్రట్, ఆర్మ్ బుష్, లింక్ రాడ్లు, ఒక రిమ్, టైర్లు అని తేలితే బాగు చేయించుకోవడం సబబు. స్ట్రట్ ఒక్క వైపు వంగినా రెండు వైపులా మార్చడం మంచిది. క్వాట్రో కాబట్టి ఒక్క కొత్త టైరు వేసి మిగతా మూడూ అరిగినవి ఉంచొద్దు, కనీసం జతగా మార్చండి. వెనక జతతో అరుగుదల తేడా ఎక్కువుంటే నాలుగూ మార్చాలి. అంచనా ఇచ్చిన చోటే కాకుండా విశాఖలో లారా, జెట్టాలు రోజూ చూసే స్వతంత్ర మెకానిక్‌ని కూడా కలవండి. కొన్ని భాగాలు ఆ బండ్లవే. కానీ పార్ట్ నంబరు పోల్చకుండా ఆర్మ్ లాంటివి కొనొద్దు, ఉక్కుదీ అల్యూమినియందీ తారుమారైపోతాయి. బాగు చేసినాక మళ్లీ పూర్తి అలైన్‌మెంట్, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సెట్టింగ్ చేయించి, రెండు కాగితాలూ దాచుకోండి.

టవరు వంగిందని తేలితే ఖర్చు బండి విలువతో పోటీ పడుతుంది. పైగా 2012 బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరికొస్తోంది, రెన్యువల్‌కి బండిని తనిఖీకి చూపించాలి. ఆ పరిస్థితిలో ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయడం ఓటమేమీ కాదు. తక్కువ వస్తుంది. కానీ విడిభాగాల కోసమో, సొంతంగా చేసుకోవడానికో ఇలాంటి బండి కొనేవాళ్లున్నారు.

బీమా సంగతి మీరు రాయలేదు. ఓన్ డ్యామేజీ (సొంత బండి నష్టానికీ చెల్లించే రకం) ఉన్న పాలసీ అయితే ఏదీ విప్పకముందే కంపెనీకి తెలియజేయండి, సర్వేయరు చూశాకే పని మొదలవ్వాలి. వెంటనే చెప్పాలన్నది షరతు, మీకు ఆలస్యమైంది. అయినా ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిములని తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకి చెప్పింది. అడగడంలో తప్పు లేదు. ఒప్పుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. బాగు చేసే ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా తేల్చొచ్చు. అప్పుడు బండి మీ దగ్గర ఉండకపోవచ్చు. తేదీ, ఆ రోజు నడిపినవాళ్ల పేరు, రెండూ ఉన్నవి ఉన్నట్టే రాయాలి.

బ్రోకరు చెప్పిన దారి ఒక్కటే నేను వద్దనేది. ఏమీ అనకుండా ఊరుకోవడం వేరు. లోపం కనిపించకుండా టైర్లు మార్చి, స్టీరింగ్ పీకి నిటారుగా బిగించి చూపించడం వేరు. రెండోది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం కిందికే వస్తుంది. కొన్నాయన ఒప్పందాన్ని రద్దు చేయమని కోర్టుకి వెళ్లొచ్చు. చట్టం పక్కన పెట్టినా, ఆ బండిలో ఆయన భార్యాపిల్లలు కూర్చుంటారు. కొనేవాళ్లకి మీరే ఫోన్ చేసి, కొలతలు తీయిస్తున్నాను, కాగితం వచ్చాక మాట్లాడదాం అని చెప్పండి. నిజంగా ఇష్టముంటే ఆగుతారు.

ఇక మీ తమ్ముడి మాట. ఉత్తరంలో బండి గురించి ఎంత రాశారో, ఆయన గురించీ అంతే రాశారు, అందుకే దీన్ని చివరికి ఉంచాను. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కింద నుంచి పైకి, ముందు నుంచి వెనక్కి తగులుతుంది. స్ట్రట్ వంగి చక్రం పైభాగం లోపలికి పోతుంది, చక్రం వెనక్కి జరుగుతుంది. రిమ్ లోపలి అంచు ఒకచోట సొట్టపోతుంది, 80 దగ్గర వణుకు దానివల్లే రావచ్చు. మీ టైరు 245/40 ఆర్ 18 అయితే దాని గోడ ఎత్తు 98 మిల్లీమీటర్లే, లోతైన గుంతలో రిమ్‌ని కాపాడలేదు. అదే పక్కకి జారి అంచు రాయికో సైడు కాలువ గోడకో కొట్టుకుంటే, చక్రం అడుగు లోపలికి పోయి క్యాంబర్ బయటికి వచ్చే అవకాశమే ఎక్కువ. రిమ్ బయటి ముఖం మీద గుండ్రంగా గీతలు ఉంటాయి. మీరు పంపిన అంకెలూ లక్షణాలూ గుంత వైపే మొగ్గుతున్నాయి. తమ్ముడు గుంత అన్నది నిజమే కావచ్చు. "చిన్న" అన్నదే నాకు నమ్మకంగా లేదు. ఇంత తేడా రావాలంటే గుంత లోతైనా అయి ఉండాలి, వేగమైనా అయి ఉండాలి.

బండి చెప్పగలిగేది ఇంతవరకే. ఆయన ఎందుకు తగ్గించి చెప్పాడన్నది రిమ్ మీద రాసి ఉండదు. భయపడి ఉండొచ్చు. చీకట్లో నిజంగా తెలియక పోయి ఉండొచ్చు. పెళ్లి బృందంలో ఇంకెవరో నడిపి ఉండొచ్చు, స్నేహితుణ్ణి ఇరికించలేక ఊరుకుని ఉండొచ్చు. కాగితం చేతికొచ్చాక ఇంట్లో అందరి ముందూ దాన్ని టేబుల్ మీద పెట్టి అడిగితే మీ మాట నెగ్గుతుంది, ఆయన మాత్రం ఇంకా మూసుకుపోతాడు. అసలు అడగకుండా ఊరుకుంటే ఇంట్లో ఇప్పుడున్న మౌనమే కొనసాగుతుంది, బీమా ఫారంలో నడిపినవాళ్ల పేరు దగ్గర మళ్లీ ఇదే ముడి ఎదురవుతుంది. నాకు మధ్య దారి మేలనిపిస్తోంది. కొలతలకి ముందే, ఇద్దరే ఉన్నప్పుడు, "దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిస్తే వెతకడం తేలిక, ఎంత స్పీడులో ఉన్నారు, చక్రం వెనకది కూడా పడిందా, తర్వాత ఏమైనా చప్పుడు విన్నావా" అని పని మాటలా అడగండి. విశాఖ వెళ్లే రోజు ఆయన్నీ రమ్మనండి. బండి కింద టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలి కూడా. ఖర్చులో వాటా ఇస్తానని తనంతట తాను అంటే తీసుకోండి, వద్దనకండి. కొందరికి క్షమించమని నోటితో అనడం కన్నా డబ్బు రూపంలో ఇవ్వడం తేలిక.

బండిని విశాఖ తీసుకెళ్లేటప్పుడు నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ మాత్రమే పిలవండి. క్వాట్రోని రెండు చక్రాలు నేల మీద ఉంచి ఈడ్చుకెళ్లకూడదు. బెల్టులు చక్రాలకే బిగించమనండి, ఆర్మ్‌లకి వేయనివ్వకండి. కాగితం వచ్చాక రెండు వైపుల క్యాస్టర్, ఎస్‌ఏఐ, థ్రస్ట్ యాంగిల్, మీరు నేల మీద కొలిచిన రెండు దూరాలు నాకు రాసి పంపండి. ఏ భాగం దగ్గర మొదలుపెట్టాలో అప్పుడు ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.